దింపుడు కళ్ళం నవ్వు

నేను ఒక పాడెను. నా కథ విన్నందుకు మీరు తలస్నానం చేయనక్కర్లేదు, నేను సినిమా పాడెను. మా జాతికి ఒక్కటే ప్రయాణం. పొద్దున కడతారు, మధ్యాహ్నానికి కాటిలో మా పని సరి. నేను మాత్రం ఎంతోమందిని మోసి, ఒక్కసారీ కాలకుండా ముసలిదాన్నయ్యాను. "నీ పాడె కట్ట" అనే తిట్టు నా పాలిట దీవెన అయింది.

నన్ను కట్టింది మస్తాన్. కోడంబాకంలో స్టూడియోలకు పల్లకీలు, కత్తులు, సింహాసనాలు సరఫరా చేసే కొట్టులో పనివాడు. ఎండు వెదుళ్ళు ఏరి తెచ్చి కొబ్బరితాడుతో బిగించాడు. సాయిబు పాడె కట్టడమేమిటని పురోహితుడి వేషంలో ఉన్న ఒకాయన వేళాకోళమాడితే, "కట్టేది నేను, ఎక్కేది ఇంకొకాయన, మంత్రం మీది. ముగ్గురం కలిస్తేనేగా అండీ సినిమా" అన్నాడు.

సినిమా చావుల సంగతి నన్నడగండి. బయటి గుండెపోటుకు తొందరెక్కువ, సినిమా గుండెపోటుకు ఓపికెక్కువ. చెల్లెల్ని స్నేహితుడి చేతిలో పెట్టేదాకా, తప్పిపోయిన కొడుకు దొరికేదాకా ఆగుతుంది. అప్పుడు తల పక్కకు వాలాలి, చెయ్యి జారాలి, దేవుడి గదిలో దీపం ఆరాలి. హాల్లో కొంగులు తడిసిపోతాయి. ఆట విడిచాక అదే జనం బయటికొచ్చి మిరపకాయ బజ్జీలు చల్లారాయని కొట్టువాడితో తగువేసుకుంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇంట్లో ఏడవడానికి వీల్లేని ఏడుపులన్నీ మనుషులు ఆ చీకట్లోకి తెచ్చుకుంటారని అర్థమయ్యాక నవ్వడం మానేశాను.

నా మీద అందరికన్నా ఎక్కువసార్లు పడుకున్నవాడు ఈదర భద్రాచలం. దివిసీమలో నాటకాలాడి మద్రాసు చేరినవాడు. హీరో తండ్రి, హీరోయిన్ అన్న, నమ్మకమైన పాలేరు, ఏ వేషమిచ్చినా సినిమా సగంలోనే పోయేవాడు. "శుభం కార్డు పడేదాకా బతికే యోగం నాకు లేదయ్యా మస్తానూ" అని చుట్ట వెలిగించుకునేవాడు.

సినిమావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్న నటుడు ఊరికే లేచి ఇంటికి పోకూడదు. డైరెక్టరు కట్ చెప్పాక పాడె మీదే కళ్ళు తెరిచి, కెమెరా వంక చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా చిత్రీకరించాలి. లేకపోతే ఆ చావును పైవాడు నిజమని నమ్మేస్తాడట! అసలు పాడెల్ని శ్మశానం దారిలో దింపుడు కళ్ళం దగ్గర ఒకసారి నేలకు దింపుతారు. ఒకవేళ లేస్తాడేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు. ఎవడూ లేవడు. నా దగ్గర మాత్రం అందరూ నవ్వుతూ లేచేవారు. ఆ సంగతికి నేను కాస్త మిడిసిపడేదాన్ని కూడా.

ఈ ఆనవాయితీని గట్టిగా పట్టుకున్నది భద్రాచలం భార్య నాంచారమ్మ. ఆయన శవమైన రోజున గుమ్మం దాటనిచ్చేది కాదట. "నవ్వు తీశారా?" అని అడిగేది. తీశారంటేనే కాళ్ళకు నీళ్ళిచ్చేది. ఆయన సినిమాలకు వెళ్ళినా, తెర మీద ఆయన దగ్గడం మొదలవగానే హాల్లోంచి లేచి వచ్చేసేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి చావు ఒక్కటి కూడా ఆవిడ చూడలేదు.

తీసేవారా అంటే, తీసినట్టే కనిపించేది. కానీ ప్రొడక్షన్ మేనేజర్లకు ఫిలిం అంటే ప్రాణం. పనికిరాని నవ్వుకు ఫిలిం దండగని, ఉత్త కెమెరాను గుర్రుమనిపించి సరేననేవారు. చాలామంది నటులకు ఆ సంగతి తెలీదు. భద్రాచలానికి తెలుసు. అయినా ప్రతిసారీ ముక్కులో దూది తీసేసి, మోచేతుల మీద లేచి, ఆ ఖాళీ కెమెరా వంక చూసి నవ్వేవాడు. నవ్వి, "ఇదిగో నాంచారూ, లేచా. అన్నం పెట్టు" అనేవాడు.

"ఎవరు చూస్తారని గురూగారూ?" అన్నాడు మస్తాన్ ఒకసారి.

"దానికి మాటిచ్చానయ్యా. మాటకు ఫిలిం ఎందుకు?"

ఆయన వేసిన వేషాల్లో అన్నిటికన్నా ఏడిపించిన చావు సన్నాయి వాయించే తండ్రిది. గుండెజబ్బని డాక్టరు చెప్పిన మాట దాచి, కూతురి పెళ్ళిలో తనే వాయిస్తాడు. మూడుముళ్ళూ పడేదాకా ఊపిరి బిగబట్టి, చివరి స్వరం సగంలో ఒరిగిపోతాడు. పందిట్లో వాళ్ళు అది కూడా పాటలో భాగమే అనుకుని అక్షింతలు చల్లుతూనే ఉంటారు. ఆ షాట్ అయ్యాక లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆ సినిమా వచ్చాక బజార్లో భద్రాచలం కనిపిస్తే ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు. ఆయనకు ఇబ్బందిగా ఉండేది. "బతికే ఉన్నానమ్మా" అని సర్దిచెప్పుకునేవాడు.

కొన్నేళ్ళకు సినిమావాళ్ళంతా హైదరాబాదు వచ్చేశారు. లారీలో సింహాసనాల కింద నేనూ వచ్చాను. ఇప్పుడు కృష్ణానగర్ వెనక సందులో, రేకుల కొట్టులో గోడకానుకుని ఉన్నాను. భద్రాచలానికి వేషాలు తగ్గాయి, తర్వాత ఒంట్లో బాగులేకుండా పోయింది. ఒక పొద్దున కొట్టులోని టీవీలో ఆయన పేరు చెప్పారు. మస్తాన్ చేతిలో ఉన్న టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆయన్ను నా మీద పడుకోబెట్టలేదు. అద్దాల బండి వచ్చి తీసుకుపోయిందట. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలీదు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు నాంచారమ్మ కొట్టుకు వచ్చింది. ఆమెను నేను చూడడం అదే మొదలు. పొట్టి మనిషి, చేతిలో గుడ్డ సంచి. నా వంక తేరిపార చూసి, ఇదేనా అన్నట్టు తలాడించి, స్టూలు మీద కూర్చుంది.

"మస్తానూ, ఆయన నవ్వులన్నీ ఎక్కడుంటాయి?"

మస్తాన్ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఆ రోజు టీవీలోళ్ళు పొద్దుట్నుంచి ఆయన్ని చంపుతూనే ఉన్నారు. ఇంట్లో శవం. ఎదురుగా టీవీలో ఆ సన్నాయి పెట్టుకుని ఆయన పడిపోయే సీను. చుట్టాలంతా దాన్ని చూసి ఏడుస్తున్నారు, ఆయన్ని చూసి కాదు. నా జన్మలో చూడగూడదనుకున్నది అట్టా చూశా. అది నా కళ్ళలోంచి పోవట్లేదు. చెవిలో పేరు పిలవడానికి బండి కూడా ఆపలేదంట. నాకా నవ్వు ఒక్కటి చూపించు. అది చూస్తే ఇది పోద్ది."

"అక్కా..." అన్నాడు మస్తాన్. వేళ్ళతో నా తాడు ముడి ఒకటి నలిపాడు. "కెమెరాలో ఫిలిం ఉండేది కాదక్కా."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ."

ఆమె సంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఆయనకి తెలుసా?"

"తెలుసు. అయినా నవ్వేవారు. నీ పేరు చెప్పి నవ్వేవారు."

ఆమెకు ఆ మాట ఎక్కలేదు. ఇన్నేళ్ళూ తీశారు తీశారని తనకు అబద్ధం చెప్పాడన్న సంగతే ఆమెను తొలుస్తోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మస్తాన్‌కు ఏం తోచిందో, గోడ నుంచి నన్ను దించి నేల మీద పరిచాడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి, మూలుగుతూ నా మీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ముక్కులో దూది తీసినట్టు చేసి, మోచేతుల మీద లేచి, నాంచారమ్మ వంక చూసి నవ్వాడు.

"ఇదిగో నాంచారూ, లేచా. అన్నం పెట్టు."

ఆమె స్టూలు మీంచి ముందుకు వంగింది. "అట్టా అనేవాడా?"

"ప్రతిసారీ అక్కా. ఒట్టు."

"ఖాళీ దానికా?"

"ఖాళీ దానికే."

ఆమె నోట్లోనే ఆ మాటలు రెండుసార్లు అనుకుంది. తర్వాత, కూరలో ఉప్పు తగ్గితే చెప్పినంత మామూలుగా, "మాట ఆయనదే. నవ్వు కాదు" అంది.

"అంతకన్నా నాకు రాదక్కా."

"నువ్వు గొంతుతో నవ్వుతున్నావు. ఆయన అట్టా నవ్వడు. ముందు ముక్కులోంచి వచ్చుద్ది. ఆపుకోవాలని చూస్తాడు. ఆగదు. భుజాలు ఎగురుతాయి. అప్పుడు ఒక్కసారిగా..." అని చూపించబోయి, నవ్వింది.

ఆ నవ్వు నేను ఎన్నిసార్లు మోశానో! నా వెదుళ్ళ లోపలిదాకా దిగిన నవ్వు అది. ముక్కులో మొదలై, మధ్యలో దగ్గులా తెగి, పెద్దగా బయటపడే నవ్వు. భద్రాచలం పోలేదు, ఆమె గొంతులో ఉన్నాడు. మస్తాన్ నా మీదే లేచి కూర్చున్నాడు.

"అక్కా, అదే. అచ్చం అదే."

ఆమె ఉలిక్కిపడి ఆగింది. "ఏది?" అంది. తన పెదాలను తనే వేళ్ళతో తడుముకుంది. అప్పుడు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శవం ఇంట్లో ఉన్నప్పుడు రాని ఏడుపు, పెద్దకర్మ నాడు నలుగురూ ఏడవమన్నా రాని ఏడుపు అది. కట్ చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. మేమిద్దరం ఆమెను ఏడవనిచ్చాం.