చెంచాడు మందు

ఇస్త్రీ చేస్తుంటే ఆమె చేయి వణికి భర్త చొక్కా కాలర్ మీద గోధుమరంగు మచ్చ పడింది. అతను ఆ చొక్కా ఎత్తి పట్టుకుని పక్కగదిలో ఉన్న తల్లికి వినపడేలా అన్నాడు: "చూడమ్మా, నీ కోడలు పొద్దున్నే మొదలెట్టేసింది."

నిజానికి ఆమె ఇంకా తాగలేదు. అందుకే చేయి వణికింది. చెబితే ఎవరు నమ్ముతారు? యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు మెషిన్ మీద కూర్చున్న మనిషి. వణుకు మొదలయ్యాక సూపర్‌వైజర్ దారాలు కత్తిరించే బల్లకి మార్చి, "కత్తెర జాగ్రత్త, మత్తులో వేళ్లు కోసుకుంటావ్" అంటే గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో నాలుగు పడతాయని చిన్నప్పుడే ఒంటికి తెలిసింది.

ఆ మధ్యాహ్నం భర్త ఆమెని తాగుడు మాన్పించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. సాక్ష్యానికన్నట్టు ఆమె తల్లిని కూడా పిలిపించాడు.

"చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది?" డాక్టరమ్మ ఆమెనే అడిగింది.

"పువ్వుల్లో పెట్టి చూసుకున్నాం," అంది తల్లి.

నాన్న బెల్టు తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, అమ్మ ఆమెని వంటింట్లోకి లాక్కెళ్లి, దగ్గు లేకపోయినా దగ్గుమందు పట్టేది. "తాగి పడుకో, నీకేం తెలీదు," అనేది. ఏడేళ్ల పిల్లకి నిజంగానే ఏమీ తెలిసేది కాదు. లేచాక చూసుకుంటే వీపు మీద వాతలుండేవి.

"నాన్న కొట్టే ముందు అమ్మ దగ్గుమందు పట్టేది," అంది ఆమె. "మొదట్లో చెంచాడు. పదేళ్లొచ్చేసరికి నేనే సీసా ఎత్తేదాన్ని."

తల్లి నెమ్మదిగా కొంగు సర్దుకుంది. "నీకు ఆ చెంచాడైనా దొరికింది. నేను ఒళ్లు తెలిసే దెబ్బలు తిన్నాను."

భర్త గడియారం చూసుకున్నాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకండీ. బిళ్లలేవో రాసివ్వండి. రేపు ఇంటికి చుట్టాలొస్తున్నారు, వండిపెట్టేవాళ్లు లేరు."

"నెలరోజులు ఇక్కడే ఉంటే మంచిది," అంది డాక్టరమ్మ, ఆమె వైపే చూస్తూ. "మీకు ఇష్టమైతేనే."

ఆమె పెన్ను అడిగి తీసుకుంది. ఆసుపత్రిలో చేరే కాగితం మీద సంతకం వంకరగా పడింది. కింద, అవసరమైతే ఎవరికి కబురు చేయాలి అని ఉంది. నంబరు రాయడానికి భర్త చేయి చాపాడు. తల్లి కూడా కాగితం మీదికి వంగింది.

ఇద్దరూ చూస్తుండగానే ఆమె రాసింది: ఎవరూ లేరు.