సైరన్ వినపడితే

“తుడుసుడు నీ పని, నడుపుడు నా పని” అని కారు కొన్నరోజే చెప్పాడు శాంతిరాజ్. అప్పటినుంచి పొద్దున్నే దాని మీది బొగ్గుదుమ్ము తుడిచేది భార్య రెజీనాయే. ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు బండి ముట్టొద్దన్నాడు కాబట్టి ఇవాళ తాళం ఆమె చేతికొచ్చింది. అదీ షరతు మీద. “ఒక్క తప్పు చేసినవనుకో, నీ డ్రైవింగు ఇయ్యాల్టితోని బంద్.” బిడ్డ డెబోరా ఎండాకాలమంతా నేర్పి లైసెన్సు ఇప్పించిన సంగతి ఆయన లెక్కలోకి రాదు.

కన్ను చూపించుకోవడానికి సెంటినరీ కాలనీ దాటి గోదావరిఖని దవాఖాన దారి పట్టారు. వెనక బొగ్గు టిప్పరు. నల్లద్దాలు పెట్టుకుని పక్కన కూర్చున్నా బండి ఆయనే నడుపుతున్నట్టుంది. “గేరు మార్చు. పొయ్యి మీద పాలు పెట్టినట్టు గా సూపేంది?”

అప్పుడు వెనకనుంచి సైరన్.

పెళ్లయినప్పటినుంచి గని సైరన్‌కు పరుగెత్తడమే రెజీనా పని. అది కూసేలోపు అన్నం వండి, డబ్బా కట్టి, ఆయన బూట్లు గుమ్మంలో పెట్టాలి. ఈ కూత వేరు. ఇది వినపడితే కాలనీ ఆడవాళ్లంతా కూర మాడినా సరే గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు, అంబులెన్సు ఏ గనినుంచి వస్తోందో చూడటానికి. ఒకసారి దాని లోపల తనే కూర్చుంది, అమ్మ తల ఒళ్లో పెట్టుకుని. ముందు పోతున్న తెల్ల జీపు పక్కకు జరగలేదు. అమ్మ చెయ్యి చల్లబడుతున్నంతసేపూ ఆమెకు కనిపించింది ఆ జీపు వెనకభాగమే.

“తొక్కు! ముంగట సందున్నది, అది రాకముందే పోదాం.”

రెజీనా అద్దంలో చూసింది. ఎడమ ఇండికేటరు వేసింది. బ్రేకు గట్టిగా తొక్కితే టిప్పరు మీదికొస్తుందని మెల్లగా తగ్గించి, రోడ్డంచు దుమ్ములోకి దించి ఆపింది. టిప్పరువాడు హారన్‌తో తిట్టి, తర్వాత తనూ పక్కకు తీశాడు. అంబులెన్సు దూసుకుపోయింది. దాని వెనక అద్దంలో ఒక ఆడమనిషి వీపు.

“ఇగ దాని తోక పట్టు. తొవ్వ ఖాళీ ఉంటది. నేనెప్పుడు గట్లనే పోత.”

“ఎరుకే. దాని ఎనుక ఇంకోటి రావచ్చు. నేను పోను.”

“నాకే చెప్తున్నవా? తప్పు చేసినవ్. దిగు. ఒక్క కన్ను చాలు నాకు. తాళమియ్యి.”

చెయ్యి చాపాడు. ఇన్నేళ్లూ ఆ చెయ్యి చాపగానే మంచినీళ్లో, తువ్వాలో, డబ్బానో తెచ్చి పెట్టింది. ఇప్పుడు ఆమె చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. అక్కడే ఉంచింది.

“దిగుతె మీరే దిగుండ్రి. ఈడ ఆటోలు ఆగుతయి. నేను దవాఖాన కాడ ఉంట.”

ఆయన బయటి దుమ్మును చూశాడు. ఆమెను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెజీనా అద్దంలో చూసింది. రోడ్డు ఖాళీ. కుడి ఇండికేటరు వేసింది.

“బెల్టు పెట్టుకోండ్రి.”

అది టక్కుమని పడేదాకా బండి కదపలేదు.