మూత లోపలి గుర్తు

యజమాని నవ్వుతూ కాగితం చేతికిచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. కస్టమర్లకు తప్ప ఆయన ఎవరికీ పళ్ళు చూపించడు.

"శిక్షణ ఇంకో ఏడాది పొడిగిస్తున్నామమ్మా. మామూలు కాగితమే, సంతకం పెట్టెయ్," అన్నాడు.

మామూలు కాగితమైతే అంత తొందరెందుకు? రేపు తెస్తానని ఇంటికి పట్టుకెళ్ళి చదివాను. నేను ఇన్నాళ్ళూ దుకాణంలో ఊడవడం, టీ తేవడం తప్ప ఏమీ చెయ్యలేదట. వాచీల రిపేరులో నా శిక్షణ ఈ రోజే మొదలవుతోందట. పద్నాలుగు నెలలుగా ఆ దుకాణం వెనకగదిలో నడుం వంచి వాచీల పని చేస్తున్నదెవరో మరి. చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడి గోడ మీద కార్మికశాఖ వాళ్ళ నోటీసు ఒకటుంది. అప్రెంటిస్‌గా ఏడాది నిండి, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు కనీస వేతనం పూర్తిగా ఇవ్వాలని అందులో రాశారు. నాకు పందొమ్మిది. అంటే రెండు నెలల కిందటే నా జీతం రెట్టింపు కావాలి. సంతకం పెడితే మాత్రం మళ్ళీ మొదటి రోజు అప్రెంటిస్‌ని, సగం జీతం మనిషిని.

"పెట్టకు. ఫిర్యాదు రాసియ్యి," అంది అమ్మ.

"పనిలోంచి తీసేస్తే?"

"ఆ భయం నాకొదిలెయ్. నువ్వు నీ కోపం సంగతి చూసుకో."

ఫిర్యాదు ఇచ్చాను. మూడు వారాల తర్వాత విచారణ అన్నారు. ఆ మూడు వారాలూ నేను యజమానిని చూసింది తక్కువ, భూతద్దాన్ని చూసింది ఎక్కువ.

భూతద్దం అంటే మా మాస్టారు. కంటికి ఆ అద్దం లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, అందుకని మనసులో అలా పిలుచుకునేదాన్ని. నాకు పని నేర్పింది ఆయనే. కాదనను. వాచీ బాగుచేసిన మనిషి దాని వెనక మూత లోపల సూదితో తన గుర్తు గీసి, కింద తేదీ వెయ్యాలి. వాచీ మళ్ళీ పాడై తిరిగొస్తే అది ఎవరి చేతి పనో తెలియాలి కదా. ఆయన గుర్తు ఒక చేపల గాలం, దాని పక్కన చుక్క. నేను చేరిన ఏడో నెలలో ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్ళి నలభై రోజులు రాలేదు. ఆ నలభై రోజులూ పనంతా నాదే. అప్పుడు యజమాని, "మాస్టారి గుర్తే గియ్యమ్మా, వారంటీ ఆయన పేరు మీదుంది," అన్నాడు. గీశాను. ఆయన తిరిగొచ్చాక నా గుర్తు ఏం పెట్టుకోమంటారని అడిగితే, "దానికి టైముందిలే. నాదే గియ్యి," అన్నాడు భూతద్దం.

చేసేది నేను, గుర్తు ఆయనది, జీతం ఆయనది. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వులు పెడుతున్నారని తేలిపోయింది నాకు.

ఇక ఆయన ఏం చేసినా దొంగతనంగానే కనిపించింది. వాచీ లోపలి చక్రం మీద సన్నటి అంకెలుంటే, "చదువు, నీకు పరీక్ష," అనేవాడు. పరీక్షట, రోజుకు పది పరీక్షలు. టీ పోసుకుంటే గ్లాసు అంచున వేలు ముంచి చూసుకునేవాడు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే, వాళ్ళు నోరు తెరిచేదాకా తలెత్తేవాడు కాదు. నేను గదిలో లేననుకుని ఒకరోజు నా ట్రేలో వాచీలన్నీ ఒక్కొక్కటే తడిమి పెట్టాడు. లెక్కపెట్టి యజమానికి మోస్తున్నాడని అమ్మతో చెప్పాను. అమ్మ కూడా అవునంది. అనుమానం మా ఇంట్లో వంశపారంపర్యం.

విచారణ రోజు కార్మికశాఖ ఆఫీసులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అధికారి నడివయసు ఆవిడ, రెండు కళ్ళజోళ్ళు మార్చి మార్చి పెట్టుకుంటోంది. యజమాని ఒక పక్క, నేను, అమ్మ ఇంకో పక్క. యజమాని వెంట సాక్షిగా భూతద్దం వచ్చాడు. నేననుకున్నంతా అయింది.

యజమాని దూది పరిచిన పెట్టెలోంచి నాలుగు వాచీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ ఏడాదిలో మా దుకాణంలో బాగుచేసినవి మేడమ్. కస్టమర్లనడిగి తెచ్చాను. మూత తీయించి చూడండి. నాలుగింట్లోనూ మాస్టారి గుర్తే. ఈ అమ్మాయి ఒక్కటి కూడా ముట్టుకోలేదు."

మూతలు తీశారు. నాలుగూ నేను గీసినవే, నాలుగూ ఆయన గుర్తే. నా చేతి పనే నా మీద సాక్ష్యమై కూర్చుంది.

"కింద తేదీలు చదవండి మేడమ్," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు మార్చుకుని చదివింది. మూడో వాచీ మీదున్న తేదీ ఆ నలభై రోజుల్లోది. యజమాని గుర్తు చూసి తెచ్చాడు గాని, తేదీ చూసుకోలేదు.

"ఆ రోజు మాస్టారు ఆపరేషనై ఇంట్లో ఉన్నారు. అది నేనే చేశాను," అన్నాను.

యజమాని ఆ వాచీని తన వైపు లాక్కున్నాడు. "పొద్దున పూట వచ్చి వెళ్ళేవారు మేడమ్. అయినా నలభై రోజులు చేస్తే అది శిక్షణ అయిపోతుందా? ఆయన తిరిగి రాగానే ఈ అమ్మాయి మళ్ళీ ఊడ్చే పనికే పోయింది. కావాలంటే ఆయన్నే అడగండి."

అందరూ భూతద్దం వైపు తిరిగారు. ఆయన జేబులోంచి అద్దం తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. పొద్దున వచ్చేవాడినంటాడు, నాకు తెలుసు. తన కుర్చీ కోసం నన్ను గోతిలో దింపుతాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నేను రాలేదండి," అన్నాడాయన. "కంటికి కట్టుంది."

"తర్వాత?" అంది అధికారి.

"తర్వాత వచ్చాను. వచ్చాను గాని, ఒక్క వాచీ కూడా తెరవలేదు. కుడికంటికి చూపు తిరిగి రాలేదండి. ఎడమకన్ను ఎప్పుడూ అంతంతమాత్రమే. అప్పట్నుంచి ఆ గదిలో బాగైన ప్రతి వాచీ ఈ పిల్లదే. అంతకు ముందు కూడా మూడో నెల నుంచే విప్పడం, బిగించడం తనే చేసేది. నేను వచ్చాక కూడా నా గుర్తే గియ్యమన్నది నేనే. తన గుర్తు కనబడితే నన్ను ఇంటికి పంపిస్తారని."

యజమాని మొహం మాడిపోయింది. కన్ను పోయిన సంగతి ఆయనకూ తెలియదని ఆ మొహమే చెప్పింది.

ఆ కాగితం చెల్లదని అధికారి రాసింది. ఏడాది నిండిన రోజు నుంచి పూర్తి వేతనం, బాకీతో సహా ఇవ్వమంది. యజమాని మర్నాడే ఇచ్చాడు. నేను నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాను.

వెనకగదిలో మాస్టారి కుర్చీ అప్పటికే తీసేశారు. ఆయన ఇల్లెక్కడో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషి నడకను, నవ్వును, మౌనాన్ని అనుమానించాను. టీలో వేలు ముంచుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. కన్ను కనబడటం లేదేమోనన్న అనుమానం మాత్రం ఒక్కసారీ రాలేదు.

సాయంత్రం ఒక పాత వాచీ వచ్చింది. మూత తెరిస్తే లోపల గాలం, చుక్క, కింద నేను పుట్టక ముందటి తేదీ. ఎంత నిలకడైన గీత అది. వాచీ బాగుచేసి, సూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకంటూ ఒక గుర్తు ఇంకా లేదు. ఆయన గుర్తు కింద ఆ రోజు తేదీ మాత్రం గీసి, మూత బిగించి, యజమాని దగ్గరికెళ్ళి మాస్టారి ఇంటి చిరునామా అడిగాను.