గంటన్న దొర పల్లకీ ప్రయాణం

నేను ఒక పల్లకీని. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు నన్ను పొలిమేర కొండల మీదికి చేర్చారు. ఆ పూట బోయీలు తిన్నది కొర్రన్నం, పనసగింజల పులుసు. పల్లకీలు అన్నం తినవు గానీ, మోసేవాళ్ల కడుపు నిండిందో లేదో భుజం ఆనగానే మాకు తెలిసిపోతుంది. ఆ కూడు పెట్టిన చెయ్యి మంచిదని అప్పుడే అనుకున్నాను.

నేను పుట్టింది రాజధానిలో. టేకు చెక్క, దంతపు చిలకలు, ఎర్రపట్టు కుచ్చులు. నన్ను చేసిన వడ్రంగి మోత బొంగుకు నూనె రాస్తూ, "మీరు ఎక్కడెక్కడికో పోతారు. నేను ఈ వీధి దాటింది లేదు" అని నవ్వాడు. నిజమే. సామ్రాజ్యం పొలిమేరల్లోకి సగం దూరం కత్తులతో వెళుతుంది, మిగతా సగం పల్లకీలతో. కత్తి దెబ్బ తిన్నవాడు ఏనాటికైనా తిరగబడతాడు, పల్లకీ ఎక్కినవాడికి మాత్రం దిగబుద్ధి కాదని రాజధాని పెద్దల నమ్మకం.

అలా నన్ను కొండల నడిమి దారి, కనుమ కాసే గంటన్న దొరకు బహుమానంగా పంపారు. వెంట ఒక ఆజ్ఞ కూడా వచ్చింది. విజయదశమి నాడు తిప్పరుసు అనే అధికారి వస్తాడు. దొర పల్లకీలో ఊరి బయటికి ఎదురెళ్లి ఆయనను ఆహ్వానించాలి. లేదంటే చక్రవర్తి మన్ననను కాలదన్నినట్టే. కనుమ కాపలా పక్కకొండ దొరకు పోతుంది. ఆ కనుమే ఊరందరి బతుకు.

దొరకు నేను నచ్చాను. చిలకల ముక్కులు నిమిరి, మురిసిపోయి, ఎక్కి కూర్చున్నాడు. బోయీలు ఎత్తారో లేదో, వీధిలో ఆడవాళ్లంతా శోకాలు మొదలుపెట్టారు. ఎవరో పరుగున వెళ్లి దొర ఇంటి పొయ్యి మీద నీళ్లు కుమ్మరించారు.

రాజధానికి తెలియని సంగతి ఒకటుంది. ఆ కొండల మీద నలుగురి భుజాలెక్కి ఊరు దాటేది పీనుగ ఒక్కటే. అలా దాటినవాడికి ఇంటి తలుపు మళ్లీ తెరవరు.

దొర నాలోంచి దూకి, మేనత్త సోములమ్మ దగ్గరికి పరిగెత్తాడు. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయనకు ఇంత వండిపెట్టేది ఆవిడే. బోయీలకు పులుసు పోసిందీ ఆవిడే.

"ఊరు దాటనేదు గదత్తా" అన్నాడు.

"దాటనేదు గనక బతికినావు. పండగనాడు దాటితే ఏటి సేస్తావు? నీకు పిండమూ నానే ఎట్టి, సంకటీ నానే ఎట్టాలా?"

"ఎక్కకపోతే కనుమ పోద్ది. ఎక్కితే నాను పోతాను."

"రెండూ పోకుండా సూద్దుం. ముందు తిను."

దొరకు తిండి సహించలేదు. తనకు బదులు బూడిద గుమ్మడికాయకు తలపాగా చుట్టి కూర్చోబెడదామన్నాడు. సోములమ్మ కాయను ఎగాదిగా చూసి, "పోలిక బాగానే ఉంది గానీ, నీ మొకంలో ఉన్న బెంగ దీనికి లేదురా" అంది.

పండగ పొద్దున ఆవిడ ఊరి పెద్దలను పిలిచి నా బొంగు మీద చెయ్యి వేసింది. "బొంగుకి ఏలాడేదల్లా పీనుగేనా? పసిగుంటల్ని గుడ్డ ఉయ్యాల్లో ఏసి, బొంగుకి ఏలాడదీసి పోడుకి మోసుకెల్లమా? సాయంత్రం ఆళ్లకి తలుపు తియ్యమా? ఇదీ ఉయ్యాలే. ఉయ్యాల్లో ఉన్నోడు గుంటడే. దారంతా లాలి పాడండి."

ఒక ముసలాయన గొణిగాడు. "గుంటడికి గెడ్డముందేటి?"

"పాలు మాన్పడం ఆలీసమైపోనాది" అంది సోములమ్మ.

ఊరు దాటాం. ముందు డప్పులు, వెనక లాలిపాట, మధ్యలో నేను, నాలో గడ్డం తడుముకుంటూ కనుమ దొర. తిప్పరుసు ఎన్నో పొలిమేరలు చూసినవాడే, అయినా అలాంటి ఊరేగింపు ఎరగడు. అదేం పాటని అడిగాడు.

"ఇలాగ మోస్తే ఇదే పాడాల బాబూ. పాడకపోతే లోపలున్నోడు ఏడుస్తాడు" అంది సోములమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

అధికారికి అది గొప్ప మర్యాదగా తోచింది. తిరుగు ప్రయాణంలో తన పల్లకీకీ పాడించుకున్నాడు. కనుమ దిగేలోపే, పాపం, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఎన్నాళ్లుగా నిద్ర కరువైందో. ఆ తరువాత ఉప్పు వర్తకులు చెప్పగా విన్నాం, రాజధానిలో పెద్దలు పల్లకీ ఎక్కితే లాలి పాడటం కొత్త గౌరవమైందట.

ఇప్పుడు నా చిలకలకు ముక్కులు లేవు. కొండ దిగలేని రోగులను, నొప్పులు పడే తల్లులను మోసి మోసి ముసలిదాన్నయ్యాను. ఎవరిని మోసినా లాలి పాడారు, అందరికీ తలుపులు తెరిచారు. కానీ ఆ మొదటి సాయంత్రం ఎవరికీ ఆ నమ్మకం లేదు.

కనుమ దక్కింది. ఇల్లు దక్కుతుందో లేదో చూడటానికి ఊరంతా వాకిట్లో నిలబడింది. సోములమ్మ ముందే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. దొర ఆ తలుపు తట్టాడు.

"ఎవులది?"

"నానేనత్తా."

తలుపు ఓరగా తెరుచుకుని, గిన్నెడు పాలతో ఒక చెయ్యి బయటికి వచ్చింది. దొర అందరి ఎదుటా గటగటా తాగాడు. మీసాల నిండా మీగడ.

"గుంటలు మునిమాపేల బయట తిరక్కూడదు" అంది సోములమ్మ. "లోపలికి రా."

ఆయన తల వంచుకుని లోపలికి వెళ్లాడు. ఆవిడ బయటికి వచ్చి, మంచు పడకుండా నా మీద ఒక చాప కప్పింది. ఆ తరువాత వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.