బీడీ దారం చుట్టిన కార్డు

సహజ మెమరీ కార్డుల డబ్బా మూత తీసి చూసి, మూసి, మళ్లీ తీసింది. మూసి తీసినంత మాత్రాన కార్డులు పుట్టుకొస్తాయా? ఆరు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. అవ్వ పాటల కార్డు ఆ మూడింటిలో లేదు.

నిజామాబాదు దవాఖానలో నాలుగు రోజులుండి, తల్లిని అక్కడ కాపలా పెట్టి, పొద్దుటి బస్సుకు బాన్సువాడలో దిగింది ఆ పిల్ల. ఇంటికైనా పోకుండా నేరుగా వచ్చి స్టూడియో తాళం తీసింది. బస్టాండు వెనక సందులో ఉన్న ఆ చిన్న స్టూడియో తనదే. ఊరూరా తిరిగి పెళ్లిళ్ల వీడియోలు తీసేది పండరి. అతను తెచ్చినదాన్ని కంప్యూటరులో కోసి, కూర్చి, మూతి ముడిచిన బంధువులను సైతం నవ్వుతున్నట్టు చూపించేది సహజ.

లచ్చవ్వ సహజకు నాయనమ్మ. యాభై ఏళ్లు బీడీలు చుట్టింది, అంతకంటే ఎక్కువ ఏళ్లు పాడింది. చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా లచ్చవ్వ పాట ఎత్తుకుంటేనే అది పెళ్లి. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. గొంతుపెట్టె తీసేస్తే ప్రాణం దక్కుతుందని, మాట మాత్రం ఇక రాదని డాక్టర్లు తేల్చేశారు. అవ్వ మొండికేసింది.

"పాట పోయినంక పానం ఉంటేంది, పోతేంది? నన్ను గిట్లనే పోనియ్యుండ్రి" అంది.

ఎవరు చెప్పినా వినలేదు. చివరికి సహజ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీ గొంతు నేను దాస్త అవ్వా. నువ్వు పానం దక్కించుకో. నీ గొంతు యాడికీ పోదు, నా దగ్గర ఉంటది" అని మాటిచ్చింది. ఆ ఒక్క మాట మీద లచ్చవ్వ ఆపరేషనుకు ఒప్పుకుంది. బయల్దేరే రోజు స్టూడియోలో కూచుని రెండు గంటలు పాడింది. నిన్న వార్డులో, మెడకు కట్టుతో, మొదటిసారి లేచి కూచోగానే సహజ వైపు చేయి చాపి వేళ్లు ఆడించింది. ఏదీ నా గొంతు, పట్రా, అని దాని అర్థం.

తేవడానికి వస్తే ఇక్కడ కార్డు లేదు.

తప్పు తనదేనని సహజకు తెలుసు. ఆ రోజు కంప్యూటరు ఒక పెళ్లి వీడియోను తయారుచేస్తూ క్షణం తీరిక లేకుండా ఉంది. అది అయ్యాక ఎక్కిద్దామని కార్డును బల్ల మీద పెట్టింది. ఇంతలో సాయంత్రానికల్లా రమ్మని దవాఖాన నుంచి ఫోను వచ్చింది. బట్టలు సర్దడం, బస్సు పట్టుకోవడం, ఆ హడావిడిలో మరిచేపోయింది. బస్సులో అవ్వ మాత్రం, "నా కార్డు పదిలంగ డబ్బాల ఏసిన తియ్, ఫికర్ చెయ్యకు" అంది. సహజ సరేనంది.

బల్ల మీద మూడు తెంపిన దారం ముక్కలు ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ముడులు చూసింది.

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. కార్డులో ఉన్నదాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, వేరే హార్డ్ డిస్కులో రెండో నకలు కూడా తీశాకే దానికి బీడీ దారం రెండు చుట్లు చుట్టి డబ్బాలో వేస్తారు. బాన్సువాడలో దారానికి కొదవేముంది! దారం చుట్టి ఉందంటే పని అయిపోయింది, తుడిచేసి మళ్లీ వాడుకోవచ్చు అని లెక్క. పండరి దారం ఉన్నవే ఏరుకుని పెళ్లిళ్లకు పోతాడు, అన్నిటికంటే పైనున్నదాన్నే ముందు కెమెరాలో వేస్తాడు.

లచ్చవ్వకు ఈ పద్ధతి ఏం తెలుసు? ఆమెకు తెలిసిన పద్ధతి వేరు. ఇరవై ఐదు బీడీలు సరిచూసి దారం కడితే ఆ కట్ట పూర్తయినట్టు, ఇక దాన్ని ఎవరూ విప్పకూడదు. తన గొంతు ఉన్న కార్డు బల్ల మీద దిక్కులేకుండా పడి ఉంటే ఆ మనిషి చేతులు ఊరుకుంటాయా? సంచిలోంచి దారం తీసి కట్టి, డబ్బాలో అన్నిటికంటే పైన వేసింది. బల్ల మీది మూడో ముక్కకు సహజ వేసే వదులు ముడి లేదు. గోటితో బిగించిన బుల్లి ముడి ఉంది. అలాంటి ముడి ఆ ఇంట్లో ఒక్కరే వేస్తారు.

సహజ పండరికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కెమెరా చేతిలో ఉంటే అతను ఫోను గొంతు నొక్కేస్తాడు. గోడ మీది క్యాలెండరు చూసింది. కోటగిరి, అరుణమ్మ గారి బిడ్డ పెండ్లి, ముహూర్తం పది నలభై ఎనిమిది. టైము పది దాటింది. ఒక ఖాళీ కార్డు జేబులో వేసుకుని స్కూటీ ఎక్కింది.

యాసంగి వడ్లు కోసిన రోజులవి. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, మిగిలిన సగంలో ట్రాక్టర్లు. సహజ హారన్ మీద వేలు తీయలేదు. భయమూ ఆశా రెండూ కలిసి ఆమె ఒళ్లంతా జివ్వుమంటోంది.

ఆశ ఎందుకంటే, కార్డును తుడిచేయడం అనేది పెద్ద బూటకం. ఫార్మాట్ కొట్టగానే లోపలిదంతా పోయిందని లోకమంతా అనుకుంటుంది. పోదు. ఆ గోరంత కార్డులో కోట్లకొద్దీ బుల్లి గదులుంటాయి. ఒక్కో గదిలో రవ్వంత కరెంటు చిక్కుకుని ఉంటుంది. బొమ్మైనా పాటైనా ఆ రవ్వల వరసే. కెమెరా ఆపినా, కార్డు జేబులో వేసుకుని ఊరేగినా ఆ రవ్వలు గదులు దాటి పోవు. వడ్ల గోదాములో బస్తాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకునే రిజిస్టరు ఒకటి ఉంటుంది కదా. ఫార్మాట్ ఆ రిజిస్టరును మాత్రమే చించేస్తుంది. బస్తాలు ఉన్నచోటే ఉంటాయి.

భయం కూడా అందుకే. రిజిస్టరు లేదు కాబట్టి గోదాము ఖాళీ అనుకుని కెమెరా కొత్త సరుకు దింపుతుంది. మొదటి గది నుంచి మొదలుపెట్టి పాతదాన్ని తోసేసి కొత్తది నింపుతుంది. అలా నిండిన గదిలో పాతది ఇక లేదు, ఏ విద్యా దాన్ని తేలేదు. పండరి పెళ్లిని ఎంతసేపు తీస్తే అవ్వ గొంతు అంత మేర చెరిగిపోతుంది. ఈ నిమిషంలో కూడా చెరిగిపోతూనే ఉంది.

"జరుగుండ్రి! జరుగుండ్రన్నా!" అని అరుస్తూ ట్రాక్టరును దాటేసింది.

పందిట్లోకి ఆమె ఉరికేసరికి మేళం దద్దరిల్లుతోంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పండరి వాళ్ల మీదికి కెమెరా వంచి కన్ను ఆనించి ఉన్నాడు.

"పండరీ! బంద్ చెయ్! రికార్డు బంద్ చెయ్!"

మేళం ఆగిపోయింది. ఐదువందల మంది తల తిప్పారు. పెళ్లి ఆపడానికి ఎవరో పిల్ల వచ్చిందనుకుని పెళ్లికొడుకు మొహం తెల్లబోయింది. తప్పు లేకపోయినా పాపం వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"బాప్ రే! ముహూర్తం అక్కా! ఇప్పుడెట్ల బంద్ చెయ్యాలె?" అన్నాడు పండరి. ఒళ్లంతా చెమట, కెమెరా మాత్రం కదలనివ్వలేదు.

"గా కార్డుల మా అవ్వ గొంతుంది! దారం నేను కట్టలే, అవ్వ కట్టింది!"

పెళ్లికూతురి తల్లి అరుణమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చింది. "ఏందమ్మా ఇది? ఏ అవ్వ?" అంది కోపంగా.

"లచ్చవ్వ. పాటల లచ్చవ్వ. గొంతు తీసేసిండ్రు అమ్మా. ఇగ మాట రాదు. ఉన్నదంత గీ కార్డులనే ఉంది, మీదికెల్లి పెండ్లి ఎక్కుతుంది."

అరుణమ్మ మొహంలో కోపం అలాగే ఆగిపోయింది. "నా పెండ్లిల అప్పగింతల పాట పాడింది లచ్చవ్వనే. మా నాయిన ఏడ్వంగ నేను చూసింది గా ఒక్కసారే" అని, వెంటనే చేయి ఎత్తింది. "పంతులూ, ఒక్క నిమిషం ఆగు!"

పంతులు గారు గడియారం చూసి, "మూడు నిమిషాలుంది. ఒకటి మీరు తీసుకోండి, రెండు నాకుంచండి" అన్నాడు.

సహజ గబగబా కార్డు మార్చింది. పాతదాని పక్కనున్న బుల్లి మీటను కిందికి నెట్టింది. ఆ మీట దిగితే ఇక దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు.

"ఎంతసేపు తీసినవ్?"

"ఇరవై నిమిషాలు. ఎదురుకోలు, గౌరీపూజ."

"ఫార్మాట్ ఏది కొట్టినవ్? చిన్నదా, పెద్దదా?" పెద్ద ఫార్మాట్ అయితే గదులన్నీ ఊడ్చేస్తుంది.

"చిన్నదే అక్కా. పెద్దదానికి అంతసేపు ఎవడాగుతడు?"

అతని ఓపికలేనితనాన్ని ఏళ్ల తరబడి తిట్టిన సహజ ఆ క్షణంలో అతని కాళ్లకు మొక్కాలనుకుంది. వెనక గట్టిమేళం అందుకుంది.

మధ్యాహ్నం స్టూడియోలో తలుపు గడియ పెట్టుకుని కూచుంది. కార్డును నేరుగా తడమలేదు. ముందు దానిలోని ప్రతి గదినీ, ఖాళీ అన్నదాన్ని కూడా, ఉన్నదున్నట్టు హార్డ్ డిస్కులోకి నకలు తీసింది. డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం గిర్రున తిరుగుతూ సన్నగా హోరుపెట్టింది. పళ్లేనికి తగలకుండా, వెంట్రుక కూడా పట్టనంత ఎత్తులో రాతముల్లు తేలుతూ అవ్వ గొంతును అక్షరం అక్షరం దించుకుంటోంది. ఆ నకలు మీద వెతుకులాట మొదలుపెట్టింది. రిజిస్టరు లేకపోయినా ప్రతి వీడియోకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తులను గది తరువాత గది తట్టి చూడాలి.

మొదట ఎదురుకోలు దొరికింది. తరువాత గౌరీపూజ. తరువాత అంతా ఆకుపచ్చ చారలు. సహజ గోళ్లు కొరుక్కుంది. ఇంకో ఫైలు. చారలు. చారల మధ్య ఒక ముక్కుపుడక తళుక్కుమంది. ఆ తరువాతి ఫైలు తెరవగానే స్టూడియో నిండా లచ్చవ్వ పాట మారుమోగింది.

"దొరికింది!" అని సహజ కుర్చీ మీదే ఎగిరింది. వినడానికి ఎవరూ లేరు. అయినా ఇంకోసారి అరిచింది. నాలుగు, ఐదు, ఆరు... వరసగా వస్తూనే ఉన్నాయి. పదమూడు ఫైళ్లలో పదకొండు నిక్షేపంగా దొరికాయి. మొదటి రెండు పాటలు పెళ్లి కింద పడి పోయాయి. వాటికోసం కాసేపు ఏడ్చింది, మిగతావాటికోసం నవ్వింది. రెండు నకళ్లు తీసుకున్నాకే లేచింది.

మర్నాడు వార్డులో ల్యాప్‌టాపు తెరవగానే పక్క మంచాలవాళ్లూ, సిస్టరమ్మలూ చుట్టూ చేరారు. లచ్చవ్వ తన పాటను తనే విని ఇనుప మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేసింది. జరిగిందంతా సహజ దాచకుండా చెప్పింది, రెండు పాటలు పోయాయని కూడా. అవ్వ చేత్తో, పోనీ, అన్నట్టు కొట్టిపారేసింది. దారం సంగతి విన్నప్పుడు మాత్రం నాలుక కరుచుకుంది.

చివరి ఫైలు మిగిలింది. అందులో పాట లేదు. ఆ రోజు సహజ కెమెరా ఆపడం మరిచి చాయ్ తేవడానికి బయటికి పోయింది. తెర మీద అవ్వ ఒక్కతే కూచుని, కొంగు సర్దుకుని, తలుపు వైపు చూసింది. ఇక్కడ వార్డులో సహజ అప్పుడే ల్యాప్‌టాపుకు వీపు తిప్పి గ్లాసులోకి నీళ్లు వంచుకుంటోంది.

"సహజా... ఓ సహజా! యాడ వోయినవే?"

"ఆఁ, వస్తున్న అవ్వా!" అంది సహజ, వెనక్కి తిరక్కుండానే.

సహజ చేతిలో గ్లాసు పొర్లి నీళ్లు నేల మీద పడ్డాయి. మంచం మీద లచ్చవ్వ కట్టు మీద చేయి అదుముకుని, చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వు ఆగాక ల్యాప్‌టాపును చూపించింది, తరువాత సహజ ఫోనును చూపించింది. దాన్ని ఇందులో పెట్టు అంది చేత్తో.

పదకొండు ఫైళ్లలో ఆమె అడిగింది ఆ ఒక్కదాన్నే. ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించుకుని, ఫోను తన దిండు పక్కనే పెట్టుకుంది. సహజ సీసా తీసుకుని నీళ్లకని వార్డు గుమ్మం దాటి పది అడుగులు వేసిందో లేదో, వెనక నుంచి గొంతు ఖంగుమంది.

"సహజా... ఓ సహజా! యాడ వోయినవే?"

సహజ ఖాళీ సీసాతోనే వెనక్కి పరుగెత్తింది.