మూడో బాన

దీనా టీచరుకి అబద్ధం చెప్పడం చేతకాదని మిషన్ స్కూల్లో పేరు. పదిహేనేళ్ళుగా పిల్లలకి మందారపువ్వు బొమ్మ వేయడం నేర్పే డ్రాయింగు టీచరుకి అబద్ధంతో పనేముంటుంది గనక? పని పడింది 2006 ఆగస్టులో, అనకాపల్లి కల్యాణమండపంలో మట్టికళ పోటీ ప్రదర్శన పెట్టినప్పుడు.

మొదటి బహుమతి వచ్చినవాళ్ళకి హైదరాబాదులో ఏడాదిపాటు సొంత గది, సొంత బట్టీ, చేసుకున్నంత పని. నలభై నిండనివాళ్ళకే. దీనాకి ముప్పై తొమ్మిది నిండిపోయాయి. మందారపువ్వుల నుంచి బయటపడాలంటే ఇదే మొదలు, ఇదే చివర. దరఖాస్తులో ఒక వాక్యం కింద గీత గీసి మరీ అచ్చువేశారు: ఆద్యంతం కళాకారుల స్వహస్తాలతో చేసినదై ఉండాలి.

దీనా మూడు బానలు పెట్టింది. మోకాలెత్తువి. వాటిమీద చెరుకాకు రంగు గాజుపూత ఆమెదే. పూతలో గోటితో గీసిన గీతలూ ఆమెవే. బానలు మాత్రం ఆమెవి కావు. అంతంత బానలు కుమ్మరి సారెమీద లేపడానికి ఆమె చేతుల్లో పట్టు చాలలేదు. రెండు నెలలపాటు లేపినవన్నీ కూలిపోతుంటే ఒకనాడు కూర్చుని ఏడ్చి, మర్నాడు తుమ్మపాల వెళ్ళి సన్యాసిరావుని అడిగింది. డెబ్బై ఏళ్ళ కుమ్మరి. ఎందుకని కూడా అడగలేదాయన. వారం రోజులు చెక్కతో చరిచి చరిచి, పొట్ట తేల్చి, మూడూ చేసి ఇచ్చాడు. ఆమె వాటికి పూత పూసి తన షెడ్డులోని కరెంటు బట్టీలో కాల్చుకుంది. దరఖాస్తులో ఒక్క పేరే రాసింది. రెండు పేర్లు రాస్తే తీసుకోరు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోవడం మొదలెట్టామంటే తప్పు చేస్తున్నామని తెలిసినట్టే, ఒప్పుకోం గాని.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. పెద్దాయన త్రినాధరావు మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి. ఏ బొమ్మ ముందు ఆగినా ‘ఊఁ’ అనడం తప్ప ఇంకో ముక్క మాట్లాడని మనిషి, దీనా బానల ముందుకొచ్చేసరికి ‘ఆహా’ అన్నాడు. దీనాకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

సరిగ్గా అప్పుడే సన్యాసిరావు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, పూజకొచ్చినట్టు వచ్చాడు.

“మన బానలు బల్లలేసి పెట్టేరంట గదా టీచరమ్మా, సూద్దారని ఒచ్చేను,” అన్నాడు సంబరంగా.

‘మన’ అన్న మాటకి దీనా చప్పున త్రినాధరావుకేసి చూసింది.

“ఎవరమ్మా ఈయన?” అన్నాడు త్రినాధరావు.

“మట్టి తెచ్చిపెట్టే ఆయన సార్,” అంది దీనా.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నిజానికి ఆమె నోరు జారలేదు. తెలిసే అంది. సన్యాసిరావు ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపమైనా ఉంటే ఆమె కాస్త తట్టుకునేది.

ఆయన అలవాటుగా బానల దగ్గరికి వెళ్ళి, వేలి కణుపుతో మొదటిదాన్ని కొట్టాడు. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. మూడోది టప్పుమంది. కాస్త కిందగా మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టప్పే. పూతకింద ఎక్కడో బీట. న్యాయనిర్ణేతల కళ్ళకి అది కనబడలేదు. దీనాకి మాత్రం చెవుల్లో ఆ చప్పుడు ఉండిపోయింది.

కుండలు కాల్చే ఆవం దగ్గర ఆయన పద్ధతి ఆమె చూసిందే. బీటపడ్డది ఏదైనా అక్కడికక్కడే పగలగొట్టేస్తాడు. చవగ్గా ఇచ్చెయ్యమని బేరగాళ్ళు బతిమాలినా వినడు. “బీట కుండ నా గుమ్మం దాటకూడదు. సేసిన సెయ్యే పగలగొట్టాల,” అనేవాడు.

ఇప్పుడా చెయ్యి మూడో బాన అంచుమీద ఉంది. ఒక్క తోపు చాలు. బానతోపాటు దీనా కూడా అయిపోతుంది.

సన్యాసిరావు చెయ్యి తీసేశాడు. “నానెల్లొత్తానమ్మా,” అని గుమ్మం బయట చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మొదటి బహుమతి దీనాకే వచ్చింది. ఈ చేతులకి మట్టి లొంగిందని త్రినాధరావు మైకులో మెచ్చుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న ఆమె తల్లి అంతోనమ్మ ‘స్తోత్రం ప్రభువా’ అంటూ కళ్ళు తుడుచుకుంది. దీనా తన చేతుల్ని చూసుకుని వెనక్కి పెట్టేసుకుంది.

పొద్దు వాలకుండానే మూడో బానని పాత దుప్పటిలో చుట్టి ఆటోలో తుమ్మపాల బయలుదేరింది. తనే పగలగొట్టేసుకోవచ్చు. కాని చేసిన చెయ్యి తనది కాదు.

సన్యాసిరావు అరుగుమీద చాప పరిచి, ముందు మంచినీళ్ళిచ్చాడు.

“తాతా, బీటపడిపోయింది. మీరే పగలగొట్టీండి,” అంది దీనా.

“నాది కాదు గదమ్మా.”

“మీదే. నేను అబద్ధం చెప్పేను తాతా. సిగ్గుతో చచ్చిపోతన్నాను.”

“ఆ మాట నాకెందుకు సెప్పడం? నాకెరికే గదా. ఆ బాబులికి సెప్పేవా?”

దీనా మంచినీళ్ళ గ్లాసు అరుగుమీద పెట్టేసింది.

“బవుమతిచ్చేరా?”

ఆమె తల ఊపింది. అంతకంటే ఆమెకి చేతకాలేదు. రేపు త్రినాధరావుకి ఫోను చేసి చెప్పగలదా అని తనని తాను అడిగి చూసుకుంది. చెప్పలేనని తెలిసిపోయింది.

సన్యాసిరావు కాసేపు ఆ బానకేసి చూశాడు. వంగి దాని పొట్ట ఒకసారి నిమిరాడు. తర్వాత తనే దుప్పటి చుట్టి, ఎత్తుకెళ్ళి ఆటోలో సీటుమీద కదలకుండా ఆనించి పెట్టాడు.

“ఇంకొకల కుండ నాను పగలగొట్టనమ్మా,” అన్నాడు. “జాగర్తగా ఒట్టుకెల్లు. నీల్లు మాత్రం పొయ్యకు.”