తొమ్మిదుల జత

మధ్యాహ్నం భోజనాలయ్యాక సూర్యకాంతమ్మ వసారాలో చాప పరిచి, చింతపిక్కలు మూడు కుప్పలు పోసేది. ఒకటి తనకి, ఒకటి మరిది కూతురు గీతికకి, మూడోది భర్త శ్రీనివాసరాజుకి. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా ఆటవేళకి చెరువుగట్టు మీదనుంచి నడిచొచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి కూర్చునేవాడు. రొయ్యల మేత దింపడానికొచ్చిన వ్యాను డ్రైవరు కూడా "నమస్కారమండి రాజుగారూ" అని తన పని చూసుకునేవాడు.

పోకర్ నేర్పింది గీతిక. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకునే పిల్ల. చేతిలో రెండేసి ముక్కలు, చాప మీద అందరికీ కలిపి ఐదు. ఐదో ముక్క తెరిచాక చివరి పందెం. అక్కడికొచ్చేసరికి శ్రీనివాసరాజు కుప్పంతా ముందుకి తోసేవాడు. సూర్యకాంతమ్మ ముక్కలు బోర్లించేసేది. కాపురమంతా అలాగే గడిచింది. ఆయన గొంతు పెంచేవాడు, ఆవిడ వదిలేసేది.

ఒకరోజు నరసాపురం నుంచి చిన్ననాటి స్నేహితురాలు బేబి ఫోన్ చేసి, తన లేసు అల్లికల కేంద్రంలో అమ్మాయిలకి పని నేర్పడానికి రమ్మంది. పెళ్లికి ముందు సూర్యకాంతమ్మ అల్లికంటే ఊళ్లో పేరు. పెళ్లయ్యాక సూది ముట్టలేదు. విషయం చెబితే శ్రీనివాసరాజు ఒప్పుకోలేదు. మనింటి ఆడవాళ్లు బస్సెక్కి పనికి పోవడమేంటన్నాడు. చివరికి, ఈ ఆట తను గెలిస్తే ఆ మాట మళ్లీ ఎత్తొద్దన్నాడు. ఓడితే ఆవిడిష్టం.

గీతిక మొదట్లోనే తప్పుకుంది. సూర్యకాంతమ్మకి తొమ్మిదుల జత పడింది. చాప మీద ఐదో ముక్కగా మూడో కళావరు తెరుచుకోగానే ఆయన పిక్కలన్నీ తోసి, మిగతా రెండు కళావర్లూ తన చేతిలోనే ఉన్నట్టు మీసం దువ్వాడు. ఐదు కళావర్లు కలిస్తే జత ఓడిపోయినట్టే.

అలవాటుగా ముక్కలు బోర్లించబోయి ఆవిడ ఆగింది. చివరి పందెంలో మన ముక్కలు గొప్పవి కానక్కర్లేదనీ, ఎదుటివాళ్ల అబద్ధాన్ని మించితే చాలనీ గీతిక చెబుతుండేది. ముక్క కోసం కాచుకున్నప్పుడు ఈయన పిలిచినా పలకడు. ఇందాక చాప మీద రెండు కళావర్లున్నప్పుడు మాత్రం, చెరువులో మేత వేశారా అని తీరిగ్గా అడిగాడు. అంటే కళావరు కోసం కాచుకోలేదన్నమాట.

ఆవిడ పందెం పెంచలేదు. ఆయన పెట్టినన్ని పిక్కలు జరిపి, "చూపించండి," అంది.

ఒక రాజు, ఒక ఆరు. ఒక్క కళావరూ లేదు, జతా కలవలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు, నాది ఉత్త బెదిరింపని?"

"మొదట్నుంచీ తెలుసండి."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు వదిలేశావు?"

"ఓడిపోతే మీరు అన్నం తినేవారు కాదు కదండీ."

ఆయన పిక్కలన్నీ తన చేత్తోనే ఆవిడ వైపు జరిపాడు.

సోమవారం సూర్యకాంతమ్మ నరసాపురం బస్సెక్కింది. మధ్యాహ్నం గీతిక ముక్కలు పంచితే ఆయన పట్టుకున్నాడు గానీ, బస్సు ఎన్నింటికి తిరిగొస్తుందని అడుగుతూనే ఉన్నాడు. పొద్దు వాలుతుంటే చెప్పులేసుకుని మెయిన్‌రోడ్డు దాకా నడిచాడు. ఆవిడ బస్సు దిగగానే చేతిలో సంచీ అందుకున్నాడు. కండక్టరు ఆయనకి దండం పెట్టి రైట్ చెప్పాడు.

"ఏం నేర్పావు వాళ్లకి?" అని అడిగాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేసరికి ఇంకా సగం కూడా కాలేదు.